దీవి మట్టిలో తడెంత?

ఇవాళ మారేడ్‌పల్లిలోని మా ఆఫీసులో ఓవెన్ తలుపు తీయగానే ఆ వాసన గుప్పుమంది. వేడెక్కిన బంకమట్టి వాసన. శనగలు వేయించే మూకుడులో మాడిన ఇసుకలా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం దయామణి మేడం కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ముందు చేత్తో పట్టి చూడమ్మా, అంకె తర్వాత" అంటున్నట్టే ఉంటుంది. ఆవిడ పోయి చాలాకాలమైంది. ఆవిడ మీద నాకు కోపం పూర్తిగా పోలేదు, ప్రేమా పోలేదు. రెండింటిలో ఏది ఎక్కువంటే చెప్పలేను.

మా పని వినడానికి వింతగానే ఉంటుంది. సముద్రం మొహం ఎరగని సికింద్రాబాద్‌లో కూర్చుని, అండమాన్‌లో ఒక కంపెనీ పెంచే టేకు తోటల మట్టిలో ఎంత తడి ఉందో చూస్తాం. అక్కడి నుంచి బిగుతు మూతల డబ్బాల్లో మట్టి వస్తుంది. తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్ళీ తూస్తాం. తగ్గిన బరువంతా నీరే. ఇది కాక తోటలో పాతిన మీటర్లు రోజూ అంకెలు పంపుతాయి. దయామణి మేడం మా పై అధికారి. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం వాళ్ళది. ఆదివారం చర్చి అయిపోగానే తిన్నగా ఆఫీసుకొచ్చి డబ్బాలు తెరిచే మనిషి. దీవికి పంపే ప్రతి మీటరునూ ముందు సైనిక్‌పురిలోని తన ఇంటి పెరట్లో గుచ్చి సరిచూడాలన్నది ఆవిడ పెట్టిన ఆనవాయితీ. మేం మీటర్లు గుచ్చుతుంటే ఆవిడ ఉప్మా ప్లేట్లు పట్టుకుని మా వెంట తిరిగేవారు. పని నేర్చుకున్నది ఆ పెరట్లోనే.

ఒక వేసవిలో తోట చూసుకునే అప్పన్న ఫోన్ చేశాడు. తాతల నాడే శ్రీకాకుళం నుంచి ఆ దీవికి వెళ్ళిన కుటుంబం అతనిది. "మొక్కలు తలలు వాల్చేస్తన్నాయండి. ఈ తోట పోతే కంపెనీవోళ్ళు మూసేస్తామంతన్నారు. మేమందరం ఏటైపోవాల?" అన్నాడు. అతనూ, అతని కింద పనిచేసేవాళ్ళూ ఆ తోట మీదే బతుకుతున్నారు. అంకెలు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి.

"మీటర్ల తడి మంచిగనే ఉంది మేడం. ఆయన ఉత్తగనే పరేషాన్ అవుతున్నడు," అన్నాను.

ఆవిడ నా మాట వినిపించుకోకుండా ఫోన్ అందుకుని స్పీకర్ పెట్టారు. "అప్పన్నా, మొక్క పక్కన జానెడు తవ్వి, పిడికెడు మట్టి తీసి గట్టిగా పిండు. ముద్దయిందా?"

కాసేపటికి అతని గొంతు వినిపించింది. "ఇక్కడేమో ఏళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారతన్నాయండి. పక్క మొక్క కాడ ఎండి పొడైపోతంది. రెండూ ఒక్కలాగే వాలిపోనాయి."

వేరు నీళ్ళలో ఊపిరాడక కుళ్ళినా మొక్క వాలుతుంది, దాహానికైనా వాలుతుంది. మేడం మొహం పాలిపోయింది. "మా పెరట్లో ఉన్నది ఎర్రమట్టి కదమ్మా! దీవిలో ఉన్నది బంకమట్టి, అది నీళ్ళను గట్టిగా పట్టేసుకుంటుంది. మీటర్లో కనిపించే తడి వేరుకు అందదు. ఎర్రమట్టికి చాలిన అంకె దానికీ చాలుతుందని ఎలా అనుకున్నాను?" అన్నారు.

"మరి నీళ్ళు పెట్టుమందామా, కాలువలు తియ్యమందామా?"

"తెలియట్లేదమ్మా."

అయ్యో దేవుడా, ఆవిడకే తెలియకపోతే నేనెవరిని అడగాలి!

అప్పన్నకూ ఆవిడ అదే మాట చెప్పారు. "నాకు తెలియట్లేదయ్యా. ప్రతి మొక్క దగ్గరా పిండి చూడు. నీళ్ళు కారే చోట కాలువ తియ్యి. పొడి అయ్యే చోట మొక్క మొదలు దగ్గర నీళ్ళు పోసి ఆకులు కప్పు." తోటంతా ఎవరైనా అలా చేస్తారా? వాళ్ళు మొదలుపెట్టారు. పని సగంలో ఉండగానే వాన దంచికొట్టింది. తర్వాత మొక్కలు చాలావరకు తేరుకున్నాయి, పిండి చూసినవీ, అసలు ముట్టుకోనివీ కూడా. తోట నిలిచింది. కాలువలు కాపాడాయో, వానే కాపాడిందో, ఏమీ చేయకపోయినా బతికేవో నాకు అంతుపట్టలేదు.

కంపెనీవాళ్ళు మా సలహాను పొగిడితే నేను ఉబ్బిపోయాను. మేడం మాత్రం, ఎందుకు బతికాయో మాకు తెలియదని నా చేతే వాళ్ళకు ఫోన్ చేయించారు.

"అట్ల చెప్తే మన ఇజ్జత్ ఏం గావాలె మేడం?"

"మొక్కలు బతికాయిగా, ఇంకేం కావాలి?"

ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు. తర్వాత ఆవిడ దీవి నుంచి బస్తాలతో మట్టి తెప్పించి పెరట్లో ఒక మూల మడి కట్టించారు. మన ఎండకు అది నెర్రెలిచ్చింది. అక్కడి మట్టిలా ఒక్కరోజూ ఉండలేదు. ఆవిడ దాని ముందు కుర్చీ వేసుకుని నవ్వుతూ కూర్చునేవారు. నవ్వెందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఇవాళ ఓవెన్ మూస్తుండగానే అప్పన్న ఫోన్. కొత్త మొక్కలు మళ్ళీ వాలుతున్నాయట. ఆఫీసులో ఆవిడ కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. అంకెలు చూస్తే బాగానే ఉన్నాయి.

"నాకు తెలుస్తలేదు అప్పన్నా," అన్నాను సిగ్గుపడుతూ. "జెర తవ్వి, పిండి చూడు. నేను లైన్లనే ఉంటా."

అటునుంచి నవ్వు వినిపించింది. "అమ్మయ్య! మేడంగారు కూడా ఇదే మాటన్నారండి. ఆ రోజే నాకు దైర్నం వొచ్చింది."

తెలియదంటే ధైర్యం ఎలా వస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు. ఫోన్ చెవికి ఆనించుకుని, అతను తవ్వుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను.