పోరుమామిళ్ల చేపల పులుసు

పోరుమామిళ్ల చెరువునూ, కట్ట మీది పాత శాసనాన్నీ చూడాలని పంతొమ్మిది వందల యాభైల్లో ఒక ఎండాకాలం బద్వేలులో బస్సెక్కాను. దారిలో ఇంజను వేడెక్కి బస్సు ఆగిపోయింది. నా పక్కన కూర్చుని వచ్చిన పోరుమామిళ్ల రైతు ఇల్లాలు చింతచెట్టు నీడన సద్ది మూట విప్పింది. నాకూ ఒక ఆకులో సంగటి పెట్టి, ముద్దలో గుంట చేసి చేపల పులుసు పోసింది.

"ఇంత రుచి యాడా చూడలేదక్కా! చెరువున్న ఊరోళ్లు, మీకేం కొరవ?" అన్నాను.

ఆమె నవ్వింది. "చెరువు నిండా నీళ్లుంటే మాకు చేపలు ఇట్ల చిక్కుతాయా అప్పా? అడుగంటిపోయినాది. ఊరంతా బురదలో దిగి చేతుల్తో పడతాండారు. మా వరిమడి ఎండిపోయినాది. ఇంగ ఇదే మా పంట."

నా చెయ్యి ఆగింది. ఆమె మాత్రం మిగిలిన ముక్కను కూడా నా ఆకులోనే వేసి, "తిను, మా చెరువు చూసేకి వచ్చినావు" అంది.

ఆ సాయంత్రం శాసనం ముందు నిలబడ్డాను గాని, బురదలో వంగిన మనుషులనే చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు చెరువుల ఊళ్లు తిరిగొచ్చి, నీళ్ల సంగతి అడక్కుండా చేపల రుచి గురించి పత్రికల్లో రాసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. తిట్టడానికి నోరు తెరుస్తాను. ఆమె వేసిన ఆ చివరి ముక్కను కూడా నేను వదల్లేదని గుర్తొస్తుంది.