కొసరుగా వచ్చిన ముసలి ఎలుకలు

మొన్న తార్నాకలో కొత్తగా తెరిచిన పెద్ద సరుకుల దుకాణంలో కూరగాయలన్నీ బుట్టలో వేసుకుని, బిల్లు కట్టే బల్ల దగ్గర అలవాటు చొప్పున చేయి చాపి, కాస్త కరివేపాకు పడేయమ్మా అన్నాను. బల్ల వెనక అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "మేడమ్, కరివేపాకు గూడ స్కాన్ చేయాలె. లోపల ప్యాకెట్లున్నయి, తెచ్చుకోండ్రి" అంది. వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటిదారి పట్టాక మాత్రం, కొసరు అనే మాట ఆ పిల్ల ఎప్పుడైనా విన్నదో లేదో అనిపించి నవ్వు ఆగిపోయింది. యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధనలు చేస్తూ జుట్టు నెరిపించుకున్న నేను, నా బతుకులో చేసిన చెప్పుకోదగ్గ బేరం ఒక్కటే, అది ఆ మాట మీద నిలబడిందే.

మాది నల్లకుంటలో కిరాణా దుకాణం. మా తరం వాళ్లకు చెప్పనక్కరలేదు, అప్పట్లో తూకం వేరు, కొసరు వేరు. తక్కెడ ముల్లు నిలబడ్డాక, దించేముందు, గుప్పెడు గింజలు పైన పోస్తేనే బేరం ముగిసినట్టు. నాన్న తూచేవాడు, కొసరు మాత్రం నానమ్మ చేత్తోనే పడాలి. గల్లాపెట్టె పక్కన పీట మీద కూచుని ఆవిడ వేసే ఆ గుప్పెడు కోసమే గోల్నాక నుంచి కూడా మనుషులు వచ్చేవారు. పిల్లలొస్తే పుట్నాలు, బాలింతల ఇంటివాళ్లు వస్తే బెల్లం ముక్క. బేరమాడే విద్య నాకు ఆ పీట పక్కనే అబ్బింది. మనకు కావలసింది ముందు అడగకూడదు, కొనడానికి వచ్చినదాన్ని తీసుకుని, లేచి, గుమ్మం దాకా వెళ్లి, అప్పుడు వెనక్కి తిరగాలి. ఈ విద్యతో నేను కూరగాయల వాళ్లనూ ఆటోవాళ్లనూ ఎంత విసిగించానో, మా ఆయన ఇప్పటికీ నాతో బజారుకు రాడు.

నేను యూనివర్సిటీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నానమ్మ చేయి మారింది. గోల్నాక నుంచి వచ్చే పాత గిరాకీ ఒకావిడ కందిపప్పు సంచీ తెచ్చి నాన్న ముందు పెట్టి, "ఏం సేటూ, కిలోకని వస్తే మీ అమ్మ ఏసిన కొసరే కిలో అయితది. ఏసింది మర్చి మళ్ల ఏస్తున్నది. గిట్లయితే దుకాణం ఎత్తేస్తరు మీరు" అంది. నాన్న నవ్వి, "వయసొచ్చినాక మా అమ్మ చెయ్యి పెద్దగైంది. తీస్కపో అక్కా, మళ్ల ఆమె మనసు మారుతది" అన్నాడు. ఇంట్లో అందరం అలాగే అనుకున్నాం. మరొకరి ఇంట్లో అయితే తాళాలు పోగొట్టుకున్నప్పుడో దారి తప్పినప్పుడో జబ్బు బయటపడి ఉండేది. మా ఇంట్లో అది ఔదార్యం వేషంలో వచ్చింది, మేం దానికి దండం పెట్టాం. ఒకనాడు తూకమే వేయకుండా ఒకావిడ చేతిలో గుప్పెడు పప్పు పోసి, ఇంక వెళ్లమన్నట్టు చూసినప్పుడు గాని నాన్న నవ్వు ఆగలేదు.

అప్పుడు నేను పసి ఎలుకల మెదళ్లు చూస్తున్నాను. పుట్టిన కొత్తలో మెదడు తన కణాల మధ్య అవసరానికి మించి బంధాలు వేసుకుంటుంది, అచ్చం కొసరులాగే. తరవాత వాడుకలో లేనివాటిని తీసేస్తుంది, ఊడ్చే పనికి దానికి వేరే కణాలున్నాయి. చంటిపిల్లల్లో అది మంచిదే. పగలంతా ఆ ఊడ్చడం చూసి, సాయంత్రం నల్లకుంటకు వెళ్లి నానమ్మను చూస్తుంటే, చిన్నప్పుడు చీపురు పక్కన పెట్టిన ఆ కణాలే ముసలితనంలో మళ్లీ అందుకుని, ఈసారి కావలసినవి కూడా ఊడ్చేస్తున్నాయా అనే అనుమానం నన్ను పట్టుకుంది. ఇంకెక్కడో ఇంకెవరికో కూడా అదే అనుమానం వచ్చే ఉంటుంది. కాని నానమ్మ మాత్రం మా నానమ్మే.

మా విభాగం పెద్దాయనది రాయలసీమ. నేను చెప్పిందంతా విని, "ఏమ్మా, పసిబిడ్డల మెదడు ఒక అంగడి, ముసలోళ్ల జబ్బు ఇంగో అంగడి. రెండూ నువ్వొక్కదానివే ఎట్ల నడుపుతావు?" అన్నారు. నేను జవాబు చెప్పబోతే చేయి ఎత్తి, "ముసలి మెదడులో నువ్వు చెప్పేది ఒక్క ముక్కలోనన్నా చూపీ. వచ్చే ఏడు మన విభాగం సమావేశంలోగా చూపియ్యకుంటే ఆ మాట మరిచిపో, మళ్ల నా దగ్గరికి తేవద్దు" అన్నారు. గడువు పెట్టినందుకు లోలోపల సంతోషించాను, ఎందుకంటే గడువు పెట్టారంటే బేరానికి దిగారనే.

ఇక కావలసింది ముసలి ఎలుకలు. అవి ఎక్కడా దొరకవు, ఎలుకను ముసలిదయ్యేదాకా మేపే ఓపిక ఎవరికీ ఉండదు. ప్రయోగాల ఎలుకలను పెంచే జంతుశాల చూసే ఆయన దగ్గరికి వెళ్లి, నాకు రావలసిన పిల్ల ఎలుకలనే అడిగి, సంతకం పెట్టి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాను.

"అన్నా, కొసరు?"

ఆయన బిత్తరపోయాడు. "ఎలుకలల్ల కొసరేంది మేడమ్?"

"పిల్లలను పెట్టి పెట్టి ముసలివైనవి ఉంటాయి కదా, అవి."

"గవా? గవాటిని ఎవ్వరడగరు. గూడు ఖాళీ చెయ్యయి, దాణా తింటయి. తీసేద్దామనే చూస్తున్న." కాసేపు నన్ను చూసి పడీపడీ నవ్వాడు. "ముసలి ఎలుకలను కొసరడిగినోళ్లను మిమ్మల్నే చూసిన. మూలకు ఒక గూడు ఇస్త, గని సాఫ్ చేసుడు మాత్రం మీదే."

దుకాణం ఊడవడం ఇష్టం లేక చదువుకున్నదాన్ని, ఎలుకల గూళ్లు ఊడవడానికి ఒప్పుకున్నాను. ఆదివారాలు లేవు, పండగలు లేవు. ఒంటికంటిన ఆ వాసనకు తిరుగు బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ముసలివి కదా, చూస్తుండగానే కొన్ని చచ్చిపోయాయి. మిగిలినవాటి మెదడు ముక్కలు కోస్తే చిరిగాయి, చిరగనివాటికి రంగు అంటలేదు. రంగు చిక్కన చేశాను, పలచన చేశాను, ముక్కలను ఇంకా సన్నగా కోయడం నేర్చుకున్నాను. నల్లకుంటలో నానమ్మ ఒక్కొక్క పేరే వదిలేస్తోంది, అమ్మ పేరు, నాన్న పేరు, నా పేరు. అది ఆగదని నాకు తెలుసు, నా ఎలుకలు ఆవిడకు పనికిరావనీ తెలుసు. అయినా ఎందుకు పోతున్నదో తెలుసుకోకుండా పోనివ్వడం నా వల్ల కాలేదు.

సమావేశానికి ముందు వానాకాలంలో ఒక మధ్యాహ్నం, జ్ఞాపకాలను దాచే చోటు నుంచి కోసిన ముక్కలో రంగు నిలబడింది. ఊడ్చే కణం కడుపులో బంధాల తునకలు మెరుస్తూ కనిపించాయి, అచ్చం పసి ఎలుకల్లో చూసినట్టే. పెద్దాయన్ని పిలుచుకొచ్చాను. ఆయన కళ్లద్దాలు తీసి, మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, తల ఎత్తకుండానే, "ఊఁ. ఆ రెండో అంగడి గూడా తెరుచుకో" అన్నారు.

ఆ సాయంత్రమే నల్లకుంటకు వెళ్లాను. నానమ్మ పీట మీదే ఉంది, చేతికి పని ఉంటుందని అమ్మ ఆవిడ ఒళ్లో ఖాళీ చేట పెట్టింది. నన్ను గిరాకీ అనుకుని, "ఏం గావాలె బిడ్డా?" అని అడిగింది. పుట్నాలు అన్నాను. ఖాళీ చేటలోంచి ఏమీ లేని గుప్పెడు తీసి నా దోసిట్లో పోసింది. దేవుడా అనుకుని లేవబోతుంటే నా మణికట్టు పట్టుకుని ఆపి, వేళ్లతో ఇంకాస్త తీసి పైన వేసింది. ఆ జబ్బు తూకాన్ని ఊడ్చుకుపోయింది, మా పేర్లను ఊడ్చుకుపోయింది, కొసరు దగ్గరకు ఇంకా రాలేదు.

నానమ్మ వెళ్లిపోయి చాలా కాలమైంది, దుకాణం ఉన్న చోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. ఊడ్చే ఆ చేతిని ఎక్కడ, ఎప్పుడు పట్టుకుని ఆపాలో నాకింకా తెలియలేదు, తెలిసేదాకా వదిలేదీ లేదు, ఉద్యోగ విరమణ అయినా రోజూ క్యాంపస్‌కు వెళుతూనే ఉన్నాను. ఇప్పుడు ముసలి ఎలుకలు కావాలంటే కంప్యూటర్‌లో అడగాలి, వయసు చెబితే ఆ వయసువి, ఎన్ని అడిగితే సరిగ్గా అన్నే వస్తాయి. పని సులువైంది, కాదనను. కాని అవి చేతికందిన ప్రతిసారీ గుమ్మం దాకా వెళ్లి, అలవాటు చొప్పున వెనక్కి తిరుగుతాను. అక్కడ అడగడానికి మనిషి ఉండడు.