జందీర పాట ఆపిన చోటు

జందీర బడి ముఖం చూడలేదు. తండ్రి గుడ్డి పాటగాడు. ఆయన చెయ్యి పట్టుకుని సెర్తావు ఎండనేలలోని సంతలన్నీ తిరిగింది. పాట ఎత్తుకునే ముందు ఆయన ప్రతిసారీ అడిగేవాడు: "ఎదురుగా ఎవరున్నారే? చూసి చెప్పు. అది తెలీకుండా నేను నోరు తెరవను."

తండ్రి పోయాక పాటే ఆమె బతుకుతెరువైంది. ఎక్కడ ఏం జరిగినా పాట కట్టి, చిన్న పుస్తకంగా అచ్చు వేయించి, సంతలో తాడుకు వేలాడదీసేది. గొంతెత్తి పాడుతూ, సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆపేసేది. ముగింపు కావాలన్నవాళ్ళు పుస్తకం కొనుక్కోవాల్సిందే.

ఆ ఏడాది ఎండలకు నీళ్ళు అడుగంటి, బావి దగ్గర తగాదా వచ్చింది. దమియావు అనేవాడు లౌరివాల్‌ను చేపలు కోసే కత్తితో పొడిచి చంపి, అడవిలోకి పారిపోయాడు. దమియావు తమ్ముడు నొనాతో మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎప్పటిలాగే సంతలో మేక మాంసం కొడుతున్నాడు.

జందీర పాట కట్టింది. కత్తి దిగిన ఘట్టం చివర దమియావు ఇంటివాళ్ళ మీద ఒక చరణం వేసింది: 'ఆ ఇంట పుట్టిన పసివాడు పాలకన్నా ముందు నెత్తురు తాగుతాడు.' అచ్చువేసే ఎవురీకో అది చదివి, "ఈ ముక్కకి సంత ఊగిపోద్ది అక్కా" అన్నాడు. ఆమె మురిసిపోయింది. పాట ఆపాల్సింది అక్కడేనని నిశ్చయించుకుంది.

ఆ శనివారం పాడింది, ఆపింది. జనం ఈలలు వేశారు. పుస్తకాల కోసం చేతులు చాచింది కొందరే. మిగతావాళ్ళ తలలు మాంసం బల్ల వైపు తిరిగాయి.

"ఏరా నొనాతో, మీ అమ్మ నీకు పాలిచ్చిందా, నెత్తురు పట్టిందా?" అని గుంపులోంచి ఎవడో అరిచాడు.

"మాంసం కావాలంటే తీసుకో. లేకపోతే పక్కకి జరుగు," అన్నాడు నొనాతో, కత్తి ఆపకుండా.

అప్పుడు చూసింది జందీర. గుంపులో ముందు వరుసలోనే చచ్చినవాడి అన్న బెలర్మీను ఉన్నాడు. పాడేముందు ఒక్కసారి కళ్ళెత్తి ఉంటే కనపడేవాడే.

బెలర్మీను బల్ల తిరగేశాడు. మాంసంతో పాటు నొనాతో కూడా మట్టిలో పడ్డాడు. లేవబోతే పదిమంది బూట్లతో తొక్కారు. పక్కటెముకలు విరిగిన చప్పుడు జందీర దాకా వినిపించింది. బెలర్మీను మాంసం వేలాడదీసే కొక్కెం అందుకుని అతని ముఖం మీద కొట్టాడు. ఒక కన్ను పోయింది. కొక్కెం మళ్ళీ లేచింది.

పుస్తకం చివర్లో ఏముందో ఆ గుంపులో జందీరకే తెలుసు. లౌరివాల్ శవం దగ్గర అతని తల్లి కితేరియా అన్న మాటలవి. బెలర్మీను అప్పుడు దమియావును వెతుకుతూ అడవిలో ఉన్నాడు, వినలేదు. జందీర నొనాతో మీద అడ్డంగా పడి ఆ పాట ఎత్తుకుంది:

'నా బిడ్డ చొక్కా నెత్తురు నా చేత్తోనే ఉతికాను,
మరో తల్లి చేత ఆ నెత్తురు ఉతికించకండయ్యా.'

ఎవడిదో బూటు ఆమె మూతికి తగిలింది. పన్ను ఊడింది. ఆమె గుంపు వైపు చూడలేదు. బెలర్మీను ఒక్కడి కళ్ళలోకే చూస్తూ మళ్ళీ పాడింది.

అతని చెయ్యి ఆగింది. "అమ్మ అందా ఆ మాట?"

"పోయి అడుగు. ఇంటి దగ్గరే ఉంది."

కొక్కెం కింద పడేసి వెళ్ళిపోయాడు.

నొనాతోను బండిలో ఆసుపత్రికి పంపి, జందీర తిన్నగా అచ్చు కొట్టుకు వెళ్ళింది.

"కితేరియమ్మ మాట మొదటి పేజీకి తీసుకురా. పసివాడి చరణం పీకెయ్."

"అక్కా, ముగింపు ముందే చెప్పేస్తే ఎవడు కొంటాడు?" అన్నాడు ఎవురీకో.

"కొనకపోనీ. అక్షరాలు తియ్."

అతను ఆ చరణం సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఊడదీశాడు. ఖాళీ అయిన చోట కొత్త చరణం కావాలి. జందీర గోడ వైపు తిరిగి కూర్చుంది. బెలర్మీను కొక్కెం ఎత్తి తన ముందే నిలబడ్డట్టు అనుకుని ఒక చరణం పైకి చెప్పింది. ఆ చరణానికి అతను కొక్కెం కింద పడేయలేదు. నోట్లో ఊరిన నెత్తురు ఉమ్మేసి, ఇంకొకటి అందుకుంది.