గేటు దాటిన బస్వరాజ్

జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో తయారైన బండి ఏదైనా సరే, బస్వరాజ్ చెవి ఒప్పుకోనిదే గేటు దాటదు. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే శాసనం. బానెట్ మీద అరచెయ్యి వేసి, కళ్లు మూసుకుని, ఇంజన్ చెప్పేది ఆలకిస్తాడు. తర్వాత ఎక్కి, ఫ్యాక్టరీ ఆవరణలోనే రెండు రౌండ్లు కొట్టి, దిగి, జేబులోంచి పెన్ను తీసి సంతకం పెడతాడు. అలా ఆయన నడిపిన దూరమంతా కలిపితే భూగోళాన్ని కొన్నిసార్లు చుట్టి రావచ్చు. చిక్కల్లా, ఇంత ప్రయాణంలోనూ ఆయన ఒక్క ఊరూ చేరలేదు. ట్రాక్టర్లు గేటు దాటి రాష్ట్రాలు పట్టిపోయాయి. ఆయన మోపెడ్ ఎక్కి ఇంటికి పోయాడు.

ఈ సంగతిని బామ్మర్ది సంగప్ప పెళ్లిళ్లలోనే కాదు, చావుల్లో కూడా మరిచిపోయేవాడు కాదు. "మా బావ పెద్ద డ్రైవరే. గేటు దాక."

అందుకే రాయికోడ్‌లో సంగప్ప కొత్తింటి గృహప్రవేశానికి పిలుపు రాగానే బస్వరాజ్ భీషణ ప్రతిజ్ఞ చేశాడు: భార్య మహాదేవమ్మను తానే కారు నడిపి తీసుకుపోతాడు. ఆయన చేతికి కారు లైసెన్సు వచ్చి అప్పటికి మూడు నెలలు.

బైపాస్ దగ్గర కార్లు కిరాయికిచ్చే రామ్‌కిషన్ వద్ద ఆ రోజుకు మిగిలింది కరెంటు కారొక్కటే. అతను లైసెన్సును ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఏడాది నిండని లైసెన్సుకు బండియ్యం కాకా. నువ్వు కొత్త డ్రైవర్‌వి."

"నీ అసుంటి పొలగాండ్లకు ఎంతమందికి క్లచ్ నేర్పిన్నో ఎరికేనా?"

"దీనికి క్లచ్చే లేదు కాకా."

ఆధార్ కార్డూ మోపెడూ అక్కడే వదిలిపోతానని ఒప్పుకున్నాక రామ్‌కిషన్ కరిగాడు. బస్వరాజ్ శాస్త్రోక్తంగా బానెట్ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు మూసుకున్నాడు.

"చల్లగున్నది. చప్పుడు లేదు. బండి ఖతం."

"ఎప్పుడో స్టార్టయింది కాకా! కండ్లు తెరిచి గా తెర మీద చూడు."

కళ్లు తెరిచి బండిని పాస్ చేయడం ఆయన జీవితంలో అదే మొదలు.

దారిలో ఆయన ఎడమ కాలు లేని క్లచ్‌ను వెతుక్కుంటూ పోయి బ్రేకును తొక్కేది. కుడి కాలు ఎత్తినా చాలు, బండి తనంతట తానే నెమ్మదించేది. అలా జరిగినప్పుడల్లా మహాదేవమ్మ ముందుకు వంగి రోడ్డుకు నమస్కరించేది. ఒక అల్లం చేను దగ్గర ఆమెకు ఓపిక నశించింది.

"గా కాలుకు పని లేదని కారిచ్చిన పొలగాడన్నడు గద. మడిచి కూసో!"

మిగతా దారంతా బస్వరాజ్ ఎడమ కాలు మడుచుకుని, పంక్తి భోజనానికి కూర్చున్న భంగిమలో నడిపాడు. రాయికోడ్‌లో చార్జింగ్ దొరకదని రామ్‌కిషన్ చెప్పి ఉండటంతో ముందు ఏసీ ఆపాడు. తర్వాత హారన్‌ను కూడా పొదుపు చేశాడు.

ఆ పొదుపే కొంప ముంచింది. సంగప్ప ఇంటి ముందు కారు ఆగితే ఒక్కరూ తల తిప్పలేదు. ట్రాక్టరైతే వీధంతా లేచి వచ్చేది. కాసేపటికి పూజ ముగించుకుని బయటికొచ్చిన సంగప్ప, గేటు దగ్గర చెమటతో ముద్దయి నిలబడ్డ అక్కాబావలను చూశాడు.

"బస్సుల జాగ దొరకలేదా బావా?"

"కారు నడుపుకుంట వచ్చిన."

సంగప్ప కారును చూశాడు, బావ చొక్కాను చూశాడు. "చప్పుడే రాలె. నూకుకుంట తెచ్చినవా ఏంది?"

"ఎక్కు."

సంగప్ప ఎక్కాడు. బస్వరాజ్ కాలు మడుచుకున్నాడు. కారు బడి దాకా పోయి వెనక్కి వచ్చింది, మళ్లీ పోయి మళ్లీ వచ్చింది, బయలుదేరిన చోటే సరిగ్గా ఆగింది. బస్వరాజ్ దిగి, జేబులోంచి పెన్ను తీసి, కాగితం కోసం చుట్టూ చూశాడు.

సంగప్పకు ప్రాణం లేచివచ్చింది. "చూసినవా అక్కా? ఈడ గూడ గేటు దాకనే!"

మహాదేవమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటోంది.

"అవ్ తమ్మీ, గేటు దాకనే. గని ఇది నీ ఇంటి గేటు. ఇగ జర నీళ్లియ్యి."

బస్వరాజ్ పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకున్నాడు.