పసుపు దారం కట్టుకున్న పుంజు

కొత్త కోడలిగా ఉన్న ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. అనంతపురంలో జువాలజీ డిగ్రీ చదివి, నల్లమాడ దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చినదాన్ని. కట్టెల పొయ్యి ముట్టించడం రాదు, రాగి సంగటి గెలకడం రాదు (నా సంగటి ముద్ద కట్టేది కాదు, ధారగా కారేది). ఆ ఇంట్లో ఒక్క విషయంలోనైనా నా మాట చెల్లాలని లోపల్లోపల తపించిపోయేదాన్ని. సరిగ్గా అప్పుడే మా అత్త వాకిట్లో గంప ఎత్తి, అప్పుడప్పుడే రెక్కలొస్తున్న కోడిపిల్లల్ని నా ముందు పెట్టింది.

అంతకుముందు మా ఆయన మోటారు సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, ఎముక అతుక్కుంటే పుంజునిస్తానని అత్త ఊరి దేవత పెద్దమ్మకు మొక్కుకుంది. సంతలో కొన్నది పనికిరాదు. మన వాకిట్లో పుట్టిన నాటుకోడి అయి ఉండాలి, పిల్లగా ఉన్నప్పుడే కాలికి పసుపు దారం కట్టి పెంచాలి, అన్నిటికంటే ముఖ్యంగా పుంజు అయి ఉండాలి. పెట్టను ఇస్తే పెద్దమ్మ ఒప్పుకోదు. చిక్కేమిటంటే, ఆ పొదగేసిన గుడ్లలో కొన్ని పక్కింటివి, కొన్ని మా వదిన (మా ఆయనకు అక్క) తన అత్తగారి ఊరు తనకల్లు నుంచి తెచ్చినవి. ఏది ఏ జాతిదో తల్లికోడికే తెలియదు.

"ఏమ్మా, జీవాల చదువు చదివినావంట కదా. వీటిలో పుంజు యాదో చెప్పు" అంది అత్త. (నేను చదివింది కప్పల్నీ బొద్దింకల్నీ కోసే చదువు. అది చెప్పే సమయం కాదనిపించింది.) ఫోన్లో ఒక వీడియో చూసి, ఒక్కొక్కదాని రెక్క సాగదీసి, ఈకల పొడవు పరిశీలించి, చివరికి నా వేలిని గట్టిగా పొడిచిన ఎర్రపిల్లను పైకెత్తాను. "ఇదే అత్తా పుంజు. కాళ్లు చూడు, ఎంత లావుగా ఉన్నాయో" అన్నాను. మెత్తగా, నోరెత్తకుండా కూర్చున్న బూడిదరంగు పిల్లను పెట్ట అని తేల్చేశాను. "గుడ్లు పెట్టేదైతే నాకియ్యి మరదలా" అని వదిన దాన్ని తనకల్లుకు తీసుకుపోయింది.

ఎర్రపిల్ల కాలికి దారం పడింది. ఇక దాన్ని అదిలించేవాళ్లు లేరు. ఎండబోసిన వేరుశనక్కాయలు తిన్నా, పొయ్యి గట్టెక్కినా "అమ్మవారి సొమ్ము, ఏమనగూడదు" అనేది అత్త. ఒకరోజు అది మామ మంచం మీదెక్కి ఆయన తలగుడ్డ మీదే పడుకుంది. "ఇది పుంజు కాదు, మనింటికొచ్చిన కొత్తల్లుడు" అని మామ నిట్టూర్చి అరుగు మీద కూర్చున్నాడు.

నెలలు గడిచాయి. దాని తలమీద ఎర్రజుట్టు పెరగలేదు. "ఇది అసీల్ జాతి అత్తా, ఆ పుంజులకు జుట్టు చిన్నగానే ఉంటుంది" అన్నాను. తోక వంపు తిరగలేదు. జాతి లక్షణం అన్నాను. కూత పెట్టలేదు. ఆలస్యంగా గొంతు వచ్చే జాతి అన్నాను. "ఇంగ గుడ్డు పెట్టినా జాతి లక్షణమే అంటావేమో" అన్నాడు మా ఆయన, అతుక్కున్న చేత్తో మీసం దువ్వుకుంటూ. పక్కింటామె గోడ మీంచి చూసి "పెట్ట మాదిరుండాదే" అంటే, అత్త ఊరుకోలేదు. "నా కోడలు డిగ్రీ చదివిండాది. ఆయమ్మకు తెలీదా, నీకు తెల్సా?" అంది. ఆ మాట విన్నప్పుడల్లా నేను లోపలికెళ్లి ఆ వీడియో మళ్లీ చూసేదాన్ని.

ఒక ఉదయం వదిన ఫోన్ చేసింది. హలో అంటే మాట లేదు, కొక్కొరొకో అని వినిపించింది. "విన్యావా మరదలా? ఇదీ నువ్విచ్చిన పెట్ట. తెల్లారకముందే వీధంతా లేపుతాండాది. జాతరకొచ్చేటప్పుడు తెచ్చి నీ చేతిలోనే పెడతా" అంది. సిగ్నల్ బాగాలేదని చెప్పి పెట్టేశాను.

జాతర రోజు అత్త దానికి నీళ్లుపోసి, పసుపు కుంకుమ పెట్టి, గింజలు చల్లిన గంపలో మూతేసి నెత్తినెత్తుకుంది. ముందు పలకల వాయిద్యం, వెనక నేను. ఒక్కసారి కుయ్యవే తల్లీ అని దారిపొడవునా దాన్నే వేడుకున్నాను. గుడి ముందు గంప దించి మూత తీయగానే అది లేచి నిలబడి, ఊరంతా వినేలా కొక్కొక్కొ అంటూ చాటింపు వేసింది. గింజల మధ్య తెల్లటి గుడ్డు. పూజారి దాన్ని చేతిలోకి తీసుకుని, "ఏమ్మా, పుంజును మొక్కుకుని ఆమ్లెట్టు తెస్తివే" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. "జాతి లక్షణం" అన్నాడు మా ఆయన నెమ్మదిగా.

అత్త ముఖం పాలిపోయింది. మొక్కు తప్పితే కొడుకు చెయ్యి మళ్లీ ఏమవుతుందోనని ఆమె భయం. నాకు ఏడుపు ఆగలేదు. "తప్పైపోయింది అత్తా" అన్నాను. అత్త నన్ను వెనక్కి లాగి జనం వైపు తిరిగింది. "ఏం నవ్వుతారప్పా? నా కోడలు పుంజనే చెప్పింది. ఇది గుడ్డు పెడితే తప్పు దీనిది గానీ నా కోడలిది యాడుంది?" అంది. తర్వాత అమ్మవారి వైపు తిరిగి, "నువ్వు చూస్తానే ఉంటివి కదమ్మా, ఒక మాట చెప్పగూడదా" అని నిష్ఠూరమాడింది. ఇంతలో చంకలో కూతపెడుతున్న బూడిదరంగు పుంజుతో వదిన జనాన్ని తోసుకుంటూ వచ్చింది. అదీ మా వాకిట్లో పుట్టిందే కదా. అత్త ఎవర్నీ సలహా అడగలేదు. ఎర్రదాని కాలి దారం విప్పి బూడిదదాని కాలికి కట్టింది. మొక్కు తీరింది. ఆ సాయంత్రం నేను గెలికిన సంగటిని అత్త మారు పెట్టించుకుని తింది. అంత ప్రేమ నాకు ఆమె మీద అంతకుముందు కలగలేదు.

ఎర్రపెట్ట మా వాకిట్లోనే పిల్లల్ని లేపి, ముసలిదై కన్నుమూసింది. నాకూ తల నెరుస్తోంది, సంగటి ముద్ద కడుతోంది. మొన్న మామ మోకాళ్ల నొప్పులు తగ్గాలని అత్త మళ్లీ ఒక పుంజును మొక్కుకుంది. చూపు ఆనకపోయినా గంప ఎత్తి, "నువ్వే చెప్పమ్మా" అంది. నేను ఒకదాని రెక్క సాగదీసి, పాత ధీమాతోనే "ఇదే పుంజు" అన్నాను. అత్త వెంటనే పసుపు దారం తెచ్చి కట్టింది. ముడి మాత్రం ఈసారి, లాగితే ఊడొచ్చేట్టు వేసింది.