హాల్ టికెట్ మీది ముఖం

పొద్దున కిటికీ తీసి కూర్చున్నాను. పొగాకు బేళ్ల ట్రాక్టరు వీధిలో నుంచి పోయింది. ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో మగ్గిన వాసన, తీపీ ఘాటూ కలిసి, గదిలోకి వచ్చి చాలాసేపు కదల్లేదు. ఈ వాసన తగిలితే నాకు రత్తమ్మక్క గుర్తొస్తుంది. పొదిలిలో మా ఫోటో స్టూడియో వెనక పొగాకు షెడ్డులో ఆమె గ్రేడింగ్ మేస్త్రి. ఆకును రంగును బట్టి వేరు చేసే పని అది. ఆమెకు సంతకం రాదు. నేనేమో ఐదో తరగతితో బడి మానేసినా, కెమెరాతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కున్నవాణ్ణి. ఆ గర్వం నిలువెల్లా ఉండేది. అయినా ఫోటో పనిలో నీ గురువెవరని అడిగితే ఆమె పేరే చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

తొంభైల చివర మా అమ్మాయి పద్మ పదో తరగతి పరీక్షలు రాసింది. మొదటి రోజు సెంటరు గేటు దగ్గర ఇన్విజిలేటరు హాల్ టికెట్ చూసి, పిల్లను చూసి, మళ్లీ టికెట్ చూశాడు.

"ఈ ఫోటో ఎవరిదమ్మా?"

"నాదే సార్."

"మీ అక్కది పట్టుకొచ్చావా?"

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. పద్మది నలుపు. ఫోటోలో పిల్ల తెల్లగా, నున్నగా, ముక్కు సగం మాయమై ఉంది. తీసింది నేనే. పౌడరు రాయించి, ఎదురుగా రెండు పెద్ద లైట్లు పెట్టి, ఆపైన నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో ముఖమంతా దిద్దాను; అక్కడి నలుపు ఫోటోలో తెలుపవుతుంది. మా వైపు అన్ని స్టూడియోల్లో అదే పద్ధతి. తెల్లగా రాకపోతే జనం ఫోటోలు మొహాన కొట్టి పోయేవారు.

"నా కూతురు నాకు తెలియదా?" అని గేటు దగ్గరే అరిచాను.

"మీకు తెలుసండీ. టికెట్‌కి కూడా తెలియాలిగా" అన్నాడు ఆయన.

బెల్లు కొట్టేశారు. చివరికి పెద్ద సూపరింటెండెంటు వచ్చి, నా చేత కాగితం రాయించుకుని, ఇరవై నిమిషాలు ఆలస్యంగా పిల్లను లోపలికి పంపాడు. రేపటికి సరైన ఫోటో హెడ్మాస్టరు సంతకంతో తేకపోతే పరీక్ష లేదన్నాడు.

మధ్యాహ్నం స్టూడియో మెట్టు మీద నిలబడి ఆ ఇద్దరినీ, బోర్డునూ, ప్రభుత్వాన్నీ కలిపి తిట్టాను. అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్న రత్తమ్మక్క అంతా విన్నది. టికెట్ తీసుకుని నీడలోకి జరిగి చూసింది.

"ఏరా, ఎవుర్రా ఈ పిల్ల?"

"నువ్వు కూడానా అక్కా?"

"సున్నం కొట్టిన గోడలాగుంది. ఆ సారు కళ్లున్నోడు. నువ్వు తిట్టాల్సినోడు లోపల అద్దంలో ఉంటాడు, పో."

ఒళ్లు మండింది. కానీ వాదించే వ్యవధి లేదు. హెడ్మాస్టరు బళ్లో ఐదింటి దాకానే ఉంటాడు. పెన్సిలు మానేస్తే చాలనుకుని, మళ్లీ పౌడరు రాయించి, రెండు లైట్లూ వేసి తీశాను. కడిగి చూస్తే పలకలా చదునైన ముఖం, అదే పరాయి పిల్ల. ఒక లైటు తీసేశాను. సగం ముఖం బొగ్గు. మూడున్నర దాటింది. హడావిడిలో ఫిల్ము కడిగే మందు నేల మీద ఒలకబోశాను. ఏడ్చి ఏడ్చి పద్మ కళ్లు ఉబ్బాయి.

పిలవకుండానే రత్తమ్మక్క వచ్చి నన్ను షెడ్డుకు లాక్కుపోయింది. ఆమె కూర్చునే చోటు ఉత్తరపు వాకిలి దగ్గర. ఎండ పడదు, బల్బు లేదు.

"ఎండలో ప్రతి ఆకూ బంగారమేరా. అందుకే ఎండలో రంగు చూడం. కొనేవాడు ఆకును ఇట్టాంటి నీడలోకి తెచ్చి చూస్తాడు. వాడు చూసేదేందో నేను ముందే చూస్తా." ఆకును కొంచెం పక్కకు వంచింది. ఈనెలన్నీ లేచి కనిపించాయి.

తిరిగొచ్చి పద్మను పౌడరు కడుక్కు రమ్మన్నాను. లైటును పిల్ల మీద నుంచి పక్క గోడకు తిప్పి, గోడకు నా తెల్ల పంచె కట్టాను. దాని మీద పడి వెనక్కి వచ్చిన వెలుతురు మెత్తగా ముఖాన్ని తాకింది. రెండో వైపు చీకటిగా ఉందని రత్తమ్మక్క తువ్వాలు చాచి పట్టుకుని నిలబడింది.

పద్మ నేల చూస్తూ అన్నది: "నాన్నా, ఆ ఫోటో నాది కాదని సారు అన్నప్పుడు ముందు నాకు సంతోషమేసింది. అంత బాగున్నానా అని."

రత్తమ్మక్క అందుకుంది. "ఆ బాగున్నదాన్ని గేటు బయట నిలబెట్టారు గదే. పరీక్ష రాసొచ్చింది నువ్వు. ఇటు చూడు."

పద్మ తలెత్తింది. నొక్కాను.

ఐదుకు పది నిమిషాలుండగా, తడి ఆరని ఫోటో మీద హెడ్మాస్టరు సంతకం పెట్టాడు. మర్నాడు అదే ఇన్విజిలేటరు టికెట్ చూసి, పిల్లను చూసి, పక్కకు తప్పుకున్నాడు.

ఆ తర్వాత నేను ఏ ముఖం మీదా పెన్సిలు పెట్టలేదు. సగం మంది ఎదురు స్టూడియోకు పోయారు. పోనీ. రత్తమ్మక్కకు మళ్లీ ఫోటో తీస్తానంటే "సీజన్ అయిపోనీరా" అనేది. ఒక సీజను అయిపోకముందే ఆమె కన్నుమూసింది. వాళ్లబ్బాయి ఇంట్లో గోడకున్న ఫోటో, ఈ సంగతికి చాలా ముందు నేను తీసింది. మీగడలాంటి ముఖం. ఆకు జిగురుతో నల్లబడ్డ వేళ్లు కనపడకుండా కత్తిరించాను కూడా. వెళ్లినప్పుడల్లా ఆమె మనవలకు చెబుతాను: మీ నాయనమ్మ అట్లా ఉండేది కాదురా, కారునలుపు, నుదుటి మీద మూడు గీతలు, ఎదుటివాడి మాట వింటున్నప్పుడు ఎడమ కన్ను చిన్నది చేసేది. వాళ్లు గోడ వంక చూసి, నా వంక జాలిగా చూస్తారు.

"ఫోటో ఉంది గదా తాతా" అంటారు.