మిద్దె మీది బీపీ

చేతికి సెల్‌ఫోను వచ్చిన కొత్తలో నేను సగం డాక్టరునైపోయాననుకున్నాను. అనంతపురంలో నాది మందుల షాపు. బెళుగుప్ప దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన, వేరుశనక్కాయ రైతు, బీపీ మాత్రల కోసం బస్సెక్కి వచ్చేవాడు. ఆయనకు బీపీ మిషను అమ్మి, వాడటం నేర్పి, "ఇంక నువ్వు ఊరికే తిరగొద్దు పెద్దాయనా. శుక్రవారం పొద్దున నేనే ఫోను చేస్తా. ముందే చూసుకుంటే మర్చిపోతావు, నేను లైన్లో ఉన్నప్పుడే చూసి చెప్పు" అన్నాను. ఆ అంకెలు పక్క క్లినిక్‌లోని డాక్టరుగారికి చేరవేసేవాణ్ణి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ప్రతి వారం బీపీ ఎక్కువే. నేను ఊరుకుంటానా? ఉప్పు మీద ఉపన్యాసం! షాపులో జనం వింటున్నారని గొంతు ఇంకాస్త పెంచేవాణ్ణి. ఆయన పాపం "ఊ, సరేప్పా" అంటూ వినేవాడు. తగ్గకపోయేసరికి డాక్టరుగారు మోతాదు పెంచారు. మరుసటి వారం "రోంత తల తిరుగుతాండాదప్పా" అన్నాడు. "ఉప్పు మానలేదన్నమాట!" అని కసిరాను. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక శుక్రవారం ఆ దగ్గర్లో పెళ్లికి వెళ్తూ నేరుగా ఆయన ఇంటికే పోయాను. ఆయన చంకలో మిషను పెట్టుకొని నిచ్చెన మీద మిద్దెక్కుతున్నాడు. కింద ఆయన భార్య రెండు చేతులా నిచ్చెన పట్టుకొని నిలబడింది.

"యాడికి పెద్దాయనా?"

"యాడికేంది, నీ ఫోనుకే! సిగ్నలు పైనే వస్తాది. నువ్వు లైన్లో ఉన్నప్పుడే చూడమంటివి కదప్పా" అన్నాడు రొప్పుతూ.

ఓరి నా తెలివీ! నిచ్చెనెక్కిన ఆయాసానికి ఇన్నాళ్లూ మాత్రలు మింగించాను. ఆయన్ను దింపి, అరుగు మీద కాసేపు కూర్చోబెట్టి చూస్తే, బీపీ ఉండాల్సినదానికన్నా తక్కువే ఉంది. ఆ తిరిగే తలతో పైనుంచి పడివుంటే?

వెంటనే డాక్టరుగారికి చెప్పాలని సెల్లు తీశాను. సిగ్నలు లేదు. గతిలేక నేనే నిచ్చెనెక్కబోయాను. ఆయమ్మ మళ్లీ వచ్చి పట్టుకుంది.

"ఎక్కప్పా. ఉప్పు సంగతి మాత్రం ఈపొద్దు ఎత్తొద్దు. ఈయప్పకు తల తిరిగినప్పట్నుంచి, నువ్వు మాట్లాడినంతసేపూ నేనీడ నిచ్చెన పట్టుకోనుండాల. చేతులు పీకుతాండాయి" అంది.

పాత మోతాదే చాలన్నారు డాక్టరుగారు. రెండు ముక్కల్లో ముగించి దిగాను.